పరుపుబండ మీద ఇల్లు

అడుగు జాగ్రత్తగా వెయ్యండి. కింద ఉన్నది మట్టి కాదు, ఇసుకరాతి పరుపుబండ. వాన వెలిసినా నీళ్లు ఇంకా దాని మీదుగా పలచగా పల్లానికి జారుతూనే ఉన్నాయి. సిడ్నీకి వాయవ్యంగా, గ్లెనోరీ దగ్గర అడవి ఇది. కాలం 1980 అనుకోండి. చుట్టూ యూకలిప్టస్‌లు, మన జామాయిల్ తోటలకు దగ్గరి చుట్టాలు. ఒక ఆకు నలపండి, వేళ్లకు నూనె వాసన పట్టుకుంటుంది. మంటకు ఆ నూనే ఆహారం.

చిత్రకారులు సిడ్నీ బాల్, లిన్ ఈస్ట్‌అవే ఇక్కడ ఇల్లు కావాలన్నారు. గీయాల్సినవాడు ఆర్కిటెక్ట్ గ్లెన్ మర్కట్. బండను పగలగొట్టి, చదును చేసి, కాంక్రీటు పోస్తే పని తేలిక. కానీ పోసిన కాంక్రీటు ఈ నీటికి అడ్డం పడుతుంది. పల్లంలోని చెట్లకు అందాల్సిన తడి మరో దారి పడుతుంది.

ఇప్పుడు కట్టిన ఇంటి ముందుకు రండి. వంగి కిందికి చూడండి. సన్నటి ఉక్కు గొట్టాల మీద ఇల్లు బండకు పైన నిలబడి ఉంది. గొట్టాలను రాతికే బిగించారు. బండకు పడిన గాయం బోల్టులు పట్టినంత మేరే. నీళ్లు ఇంటి కిందుగా తమ పాత దారినే పోతున్నాయి.

చెక్క వంతెన దాటి లోపలికి నడవండి. పొడవాటి, ఇరుకైన ఇల్లు. పెద్ద పెద్ద చిత్రాలు వేలాడదీయడానికి కిటికీల్లేని గోడలు. బయటంతా ముడతల రేకు. మన ఊళ్లలో రేకుల ఇల్లంటే స్లాబు వేసుకోలేనివాళ్లదని చిన్నచూపు. ఇక్కడ కోరి ఎంచుకున్నారు: రేకు అంటుకోదు, బరువుండదు, అందుకే అంత సన్నటి కాళ్లు చాలాయి.

ఒకసారి చూరు వైపు తల ఎత్తండి. నాకు ఈ ఇంట్లో అన్నిటికన్నా గొప్పగా తోచేది అక్కడి నీటి కాలువ. కార్చిచ్చులో చాలా ఇళ్లు మంట తాకి కాలవు. మంటకన్నా ముందే గాలికి ఎగిరొచ్చిన నిప్పురవ్వలు చూరులో పేరుకున్న ఎండుటాకుల్లో పడి రాజుకుంటాయి. అందుకే మర్కట్ ఆ కాలువను బాగా వెడల్పుగా పెట్టాడు, ఆకులు చిక్కుకోకుండా వాననీటితో కొట్టుకుపోయేలా. మంట వస్తే తడపడానికి బయట స్ప్రింక్లర్లూ ఉన్నాయి. ఇది అతిజాగ్రత్త కాదు. 2009 ఫిబ్రవరి 7న పక్క రాష్ట్రం విక్టోరియాలో చెలరేగిన కార్చిచ్చులు 173 మందిని పొట్టన పెట్టుకున్నాయి.

ఇల్లు 1983 నాటికి పూర్తయింది. 2002లో మర్కట్‌కు, ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆకాశాన్నంటే కట్టడాలకు కాదు, ప్రధానంగా ఇలాంటి ఇళ్లకు!

హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్ కట్టుకోబోయేవాళ్లకు ఒక మాట. మీ స్థలంలోని ఆ గుండ్లు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. జేసీబీని పిలిచే ముందు ఒక్క వానాకాలం ఆగండి. వాటి మధ్య నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. ప్లాను మీద ముందు ఆ దారిని గీయించండి, గదులు తర్వాత.