చెట్టుకొమ్మ ఉయ్యెల

గ్రామపెద్దలగు శ్రోతలారా!

నాట్లకు పోవు తల్లి గట్టుమీది చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యెల కట్టి, పసికూనను పరుండబెట్టి, బురదలో దిగుట మనమందరము చూచినదే. ఆ శిశువును కనిపెట్టునది తరచుగా ఏడెనిమిదేండ్ల యక్క. అందుకై ఆ పిల్ల బడి మానును. హాజరుపట్టీలో ఇట్టి పేర్ల కెదురుగా సున్నలు చుట్టిన చేయి నాది. కావున నేడు శిశుసంరక్షణశాలల చరిత్రను ప్రసంగవిషయముగా గైకొంటిని.

శాసనము మొదట కర్మాగారములవైపు చూచెను. 50 మందికి మించి స్త్రీలు పనిచేయుచోట పసిబిడ్డలకు గది యుండవలెనని 1948వ సంవత్సరపు ఫ్యాక్టరీల చట్టము విధించెను. 1976లో ఆ సంఖ్య 30కి తగ్గెను. పొలమునకు ఆ చట్టము వర్తింపలేదు. 1975లో కేంద్రప్రభుత్వము, పనికిపోవు తల్లుల బిడ్డలకును, రోగపీడితలగు తల్లుల బిడ్డలకును సంరక్షణశాలలు నడపు స్వచ్ఛందసంఘములకు ధనసహాయ మారంభించెను.

అయితే ఎవరి బిడ్డను చేర్చుకొనవలెను? రాబడియే దీనికి గీటురాయి యయ్యెను. 2006కు పూర్వము కుటుంబాదాయము నెలకు 1,800 రూపాయలు మించరాదు. 2006లో రాజీవ్‌గాంధీ జాతీయ క్రెష్ పథకము వచ్చినప్పుడు ఆ హద్దు 12,000 రూపాయలయ్యెను. దారిద్ర్యరేఖకు దిగువవారు నెలకు 20, తక్కినవారు 60 రూపాయలు చెల్లింపవలెను.

ఇట్టి హద్దు గోడవంటిది. ఇవతలి బిడ్డకు చోటు కలదు, అవతలి బిడ్డకు లేదు. ఆలుమగ లిరువురును కష్టించి నాలుగు రూపాయ లెక్కువ తెచ్చుకొన్నచో, ఆ కష్టమే బిడ్డచోటును పోగొట్టును.

2017లో గోడ మెట్టుగా మారెను. దారిద్ర్యరేఖకు దిగువవారికి 20, రాబడి 12,000 వరకు గలవారికి 100, ఆపైవారికి 200 రూపాయలుగా నెలరుసుము నిర్ణయింపబడెను. 12,000లో 100 అనగా నూటయిరువదవ వంతు. హద్దు దాటినవాడు అధికముగా చెల్లించును గాని, బిడ్డను వెనుకకు గొనిపోవ బనిలేదు. శక్తికొలది యిచ్చుట మనకు క్రొత్తగాదు. ఊరి యుత్సవమునకు మోతుబరి బస్తా యిచ్చిన, కూలివాడు మానెడిచ్చును. ప్రసాద మిరువురకు నొక్కటే.

2022లో ఈ శాలలు 'పాల్నా' యను పేర మిషన్ శక్తిలో జేరినవి. ఆ హిందీపదమునకు ఉయ్యెల యని యర్థము.

ఒక చిక్కు మాత్రము మిగిలియున్నది. ఉద్యోగికి జీతపుచీటి కలదు, కూలితల్లికి లేదు. నాట్లనెల రాబడిని జూచి, ఏడాదియంతయు నంతే యని వ్రాసినచో, లేని భాగ్యము నామెకు కట్టబెట్టినట్లగును. రాబడినిబట్టి సాయము చేయు ఏ పథకమునకైనను మీ మాట యడిగినప్పుడు, పనిలేని నెలలను గూడ లెక్కింపుడు. మీ రొక్కమాట సరిగా చెప్పిన, ఒక శిశువునకు నీడయు, ఒక యక్కకు బడియు దక్కును.