ఆటోమేటిక్ కారు లక్ష కి.మీ. దాటిందా? గేర్‌బాక్స్ ఆయిల్ ఇలా మార్పించండి

మీ ఆటోమేటిక్ కారు లక్ష కిలోమీటర్లు దాటినా గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కసారీ మార్చలేదా? ముందు పాత ఆయిల్ ఎలా ఉందో మెకానిక్‌తో చూపించండి. అది నల్లబడి మాడు వాసన వస్తుంటే, గేర్లు జారుతుంటే ఆయిల్ మార్పుతోనే బాగవుతుందనుకోవద్దు. గేర్‌బాక్స్ తనిఖీ చేయించండి.

గేర్లు సాఫీగా పడుతుంటే, మెషీన్‌తో ఫ్లష్ చేయించడం కన్నా పాతది డ్రెయిన్ చేసి కొత్తది నింపించడం మేలు. టార్క్ కన్వర్టర్‌లో కొంత పాత ఆయిల్ మిగిలిపోతుంది కాబట్టి, కొన్నాళ్లు నడిపాక మళ్లీ మార్పించాలి. ఓనర్ మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయించండి. సీవీటీ గేర్‌బాక్స్‌కు ఆయిల్ వేరు.

వాడేసిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. డ్రైనేజీలో పోయనివ్వకండి. అనుమతి ఉన్న రీసైక్లర్‌కు అప్పగిస్తారో లేదో సర్వీస్ సెంటర్‌లో ముందే అడగండి.