న్యాయపీఠముపై తొలి మహిళ

1959వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన ఎర్నాకుళమునందలి కేరళ హైకోర్టులో ఒక నూతన న్యాయమూర్తి పదవీ స్వీకారము చేసెను. హైకోర్టులలో న్యాయమూర్తులు మారుట విశేషము కాదు. ఒకరు విరమింతురు, మరియొకరు వత్తురు. పత్రికలలో నాలుగు పంక్తుల వార్త వెలువడును. ఆనాటి వార్త అట్టిది కాదు. అంతవరకు భారతదేశమున ఏ హైకోర్టునందును స్త్రీ కూర్చుండి యెరుగని పీఠముపై ఆనాడు శ్రీమతి అన్నా చాందీ కూర్చుండెను. మన న్యాయస్థానములకు ఒరవడి ఇంగ్లండు. ఆ ఇంగ్లండులోనే హైకోర్టు న్యాయమూర్తిగా తొలి మహిళ ఎలిజబెత్ లేన్ నియమింపబడినది 1965లో. అనగా ఈ ఒక్క విషయమున ఒరవడి పెట్టిన గురువుకంటె, దానిని దిద్దిన శిష్యుడే ఆరు సంవత్సరములు ముందు నడచెను.

ప్రథములను స్మరించుటలో మనకొక అలవాటు కలదు. పేరు చెప్పుదుము; సంవత్సరము చెప్పుదుము; “మొట్టమొదటి” అను విశేషణమును తగిలింతుము; అంతటితో ఋణము తీరినదనుకొందుము. అన్నా చాందీ విషయమున అది చాలదు. ఆమె ఏ పదవిని పొందెను అనుదానికంటె, ఏ వాదముతో ఆ పదవికి త్రోవ తీసెను అనునది ముఖ్యము. ఆమె హక్కును అడిగినప్పుడెల్ల, ఆ హక్కుతో కూడవచ్చు బరువును గూడ అడిగెను. ఆమె జీవితమంతయు ఈ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానమని చెప్పవచ్చును.

ఆమె 1905 మే 4వ తేదీన తిరువాన్కూరు సంస్థానమున సిరియన్ క్రైస్తవ కుటుంబమునందు జన్మించెను. ఆ సంస్థానమున స్త్రీవిద్య ఇతర ప్రాంతములకంటె ముందంజలో నుండెను. 1924 మొదలు 1931 వరకు సంస్థానమును పాలించిన రీజెంటు గూడ స్త్రీయే, మహారాణి సేతులక్ష్మీబాయి. ఆ పాలనారంభముననే, 1924లో, డాక్టరు మేరీ పూనెన్ లూకోస్ సంస్థాన శాసనసభకు సభ్యురాలిగా నామకరణము పొందెను. ఇంతమాత్రమున ఆ దేశమున స్త్రీకి అన్నిటను సమానత్వము లభించెననుకొనరాదు. 1916వ సంవత్సరపు తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ శాసనము ప్రకారము, తండ్రి వీలునామా వ్రాయక మరణించినచో, కుమార్తెకు దక్కునది కుమారుని పాలులో నాలుగవ వంతు, లేక 5,000 రూపాయలు. ఈ రెంటిలో ఏది తక్కువయైన అదియే. రాణి ఏలిన రాజ్యముననే కూతురి విలువకు చట్టము ఈ విధముగ పరిమితి కట్టెను. అన్నా చాందీ పెరిగినది ఈ చట్టము క్రిందనే. ఆమె న్యాయశాస్త్రము వైపు మొగ్గుటలోని ఔచిత్యము దీనివలన బోధపడును.

1926లో ఆమె న్యాయశాస్త్ర పట్టమును పొందెను. ఆ ప్రాంతమున అట్టి పట్టము పొందిన తొలి మహిళ ఆమెయే. 1929లో న్యాయవాద వృత్తిని ఆరంభించి, ఏ కాగితముల పనికో పరిమితము కాక, క్రిమినలు కేసులలో వాదించి పేరు గడించెను. “శ్రీమతి” అను స్త్రీల పత్రికను స్థాపించి, తానే సంపాదకత్వము వహించెను. భర్త పి.సి. చాందీ పోలీసు శాఖలో ఉద్యోగి. అందువలన ఇంట పోలీసు మాటయు, కోర్టున ముద్దాయి పక్షపు మాటయు వినగల అవకాశము ఆమెకు లభించెను.

ఆమె పేరు నలుగురి నోట పడినది మాత్రము కోర్టులో కాదు, ఒక బహిరంగ సభలో. 1920వ దశకపు చివరి సంవత్సరములలో తిరువనంతపురమున, స్త్రీలకు ప్రభుత్వోద్యోగములు ఈయవచ్చునా, ఈయరాదా అను చర్చ సాగెను. ప్రముఖ న్యాయవాది టి.కె. వేలు పిళ్ళై ఈయరాదను పక్షమును వహించెను. స్త్రీలు ఉద్యోగములకు పోయినచో కుటుంబశాంతి చెడుననియు, బిడ్డల ఆలనపాలన కుంటుపడుననియు, పురుషుల ఆత్మగౌరవమునకు భంగము కలుగుననియు ఆయన వాదము. ఈ సంగతి తెలిసి అన్నా చాందీ కొట్టాయము నుండి బయలుదేరి వచ్చి, సభావేదిక నెక్కి, ప్రతివాది పక్షపు వకీలు వలె ఒక్కొక్క అంశమును విడదీసి బదులు చెప్పెను. ఎదుటి వాదమంతయు ఒక్క ఊహపై నిలిచినదని ఆమె చూపెను: స్త్రీ పుట్టినది పురుషుని సౌఖ్యముకొరకే అను ఊహ. ఆ పునాది కూలినచో పైకట్టడము నిలువదు. అంతటితో ఆగక, సర్కారు కొలువులలో స్త్రీలకు న్యాయమైన పాలు ఉండవలెనని కోరెను.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. పొలములో నాట్లు వేయు స్త్రీని, రాళ్లు మోయు స్త్రీని చూచి, ఆమె కుటుంబశాంతి ఏమగునోయని ఏ పెద్దమనిషియు సభ చేసి విచారించి యెరుగడు. జీతము పెరిగి, కుర్చీ దొరకి, సంతకమునకు విలువ వచ్చుసరికే ఆ విచారము మొదలగును. కనుక ఆనాటి తగవు స్త్రీ పని చేయుటను గూర్చినది కాదు. స్త్రీ అధికారము చేయుటను గూర్చినది.

ఆమె వాదనలోని నిక్కచ్చితనమునకు నిదర్శనము మరియొకటి కలదు. తిరువాన్కూరులో ఆ కాలమున స్త్రీలకు ఉరిశిక్ష నుండి మినహాయింపు ఉండెను. స్త్రీల పక్షమున నిలిచినవారు దానిని తాకక విడిచిపెట్టుదురని ఎవరైనను తలంతురు. ఆమె దానిని వ్యతిరేకించెను. ఉద్యోగములో సమానత్వము కావలెను, శిక్షలో మాత్రము దయ కావలెను అన్నచో, ఆ దయయే రేపు మరియొకచోట అడ్డుగోడ యగునని గ్రహించుటకు దూరదృష్టి కావలెను. అబలయని కనికరించి ఉరి తప్పించినవారే, అబలయను ఆ సాకుతోనే న్యాయపీఠమును గూడ తప్పింపగలరు గదా! నేడు ఉరిశిక్షయే తగదనువారు అనేకులు కలరు. ఆ తర్కము వేరు. అన్నా చాందీ చూపినది సమత్వమునకు రెండు తక్కెడలు పనికిరావని మాత్రమే.

1931లో ఆమె శ్రీమూలం ప్రజాసభకు పోటీకి దిగినప్పుడు ఎదురైన పరాభవము ఇంతింత కాదు. పత్రికలు ఎత్తిపొడిచెను. గోడలపై నీచమైన వ్రాతలు వెలసెను. వాదమునకు బదులు చెప్పలేనివారు శీలముపై బురద చల్లుట ఏ కాలమునందైనను సులభమైన పని. ఆమె తన పత్రికలో దానిని ఖండించెనే గాని రంగము విడువలేదు. 1932 మొదలు 1934 వరకు ఆ సభలో సభ్యురాలిగ నుండెను. తన దేహముపై తనకు అధికారము లేని స్త్రీకి ఓటు హక్కును ఆస్తిహక్కును సగము హక్కులేయని ఆ దశకముననే ఆమె వాదించెను. ఈ మాటను స్త్రీలలోనే అనేకులు సహింపలేదు.

1937లో తిరువాన్కూరు దివాను సర్ సి.పి. రామస్వామి అయ్యరు ఆమెను మునసబుగా నియమించెను. తెలుగునాట ఒకప్పుడు మునసబు అనగా ముందుగ గ్రామ మునసబు స్ఫురించెడివాడు. ఇది అది కాదు. ఇది సివిలు దావాలను విచారించు న్యాయాధికారి పదవి. న్యాయస్థానముల నిచ్చెనలో క్రిందిమెట్టు. సామాన్యుడు మొదట ఎక్కు మెట్టు గూడ అదియే. హద్దు తగవులు, ప్రామిసరీ నోట్లు, అద్దె బకాయిలు, అన్నదమ్ముల పంపకములు ఇచ్చటనే తేలవలెను. భారతదేశమున స్త్రీ న్యాయాధికారి కుర్చీలో కూర్చుండుట అదియే ప్రథమము. ఎదుట నిలిచిన వకీళ్లు పురుషులు. గుమాస్తాలు, అమీనులు పురుషులు. కక్షిదారులలో అధికులు పురుషులు.

ఆనాటి తన మనఃస్థితిని ఆమె తరువాత దాపరికము లేక చెప్పుకొనెను. మొదటి దినమున కోర్టులో అడుగిడునపుడు కొంత జంకు కలిగినదట. తాను కేవలము ఒక ఉద్యోగిని కాదనియు, ఒక పరీక్షకు గురియగుచున్న వ్యక్తిననియు, తాను తడబడినచో నష్టము తన ఒక్కతెది కాక స్త్రీలందరిదియు నగుననియు ఆమె యెరుగును. ఈ బరువును మనము బాగుగ తూచవలెను. ఒక పురుష మునసబు తప్పు తీర్పు వ్రాసినచో, ఆ తీర్పు అప్పీలులో కొట్టివేయబడును, అంతటితో సరి. పురుషజాతి తీర్పులకు పనికిరాదని ఎవరును అనరు. ఆమె తప్పు చేసినచో, కొట్టివేయబడునది తీర్పు మాత్రమే కాదు. తొలివారికి పెట్టు పన్ను ఇదియే. అది ఏ చట్టములోను వ్రాయబడియుండదు.

ఆ పన్నును ఆమె 30 సంవత్సరములు చెల్లించెను. 1948లో జిల్లా జడ్జి అయ్యెను. 1959లో హైకోర్టు న్యాయమూర్తి అయ్యెను. 1967 ఏప్రిల్ 5వ తేదీన విరమించెను. సంస్థానము పోయెను, స్వరాజ్యము వచ్చెను, కేరళ రాష్ట్రము ఏర్పడెను. ఆమె మాత్రము ఉదయమున కోర్టుకు పోయి, ఇరుపక్షముల మాట విని, తీర్పు వ్రాయుచునే యుండెను. ఆమెను పదవిలో పెట్టినది దివాను దయయని మొదట అన్నవారు ఉండవచ్చును. కాని దయ తలుపు తీయగలదే గాని, 30 సంవత్సరములు కుర్చీని నిలుపలేదు. విరమించిన పిదప ఆమె భారత లా కమిషనులో పని చేసెను, “ఆత్మకథ” వ్రాసెను, 1996 జూలై 20వ తేదీన, 91 సంవత్సరముల వయస్సున పరమపదించెను.

ఆమె వెనుక త్రోవ మూసికొనిపోలేదు. తిరువాన్కూరు ప్రాంతమునకే చెందిన పత్తనంతిట్టలో 1927లో జన్మించిన ఫాతిమా బీవీని, అన్నా చాందీ ఉన్నతిని చూచి మెచ్చిన తండ్రియే న్యాయశాస్త్రము చదువుమని ప్రోత్సహించెనని చెప్పుదురు. ఆ బాలికయే 1958లో మునసబు అయ్యెను. 1989 అక్టోబరు 6వ తేదీన భారత సుప్రీముకోర్టునకు తొలి మహిళా న్యాయమూర్తి అయ్యెను. ఆ కోర్టు ఏర్పడినది 1950లో. హైకోర్టు గడప నుండి సుప్రీముకోర్టు గడపకు స్త్రీ నడచుటకు 30 సంవత్సరములు పట్టెను. 1989 మొదలు 2021 వరకు ఆ కోర్టున నియమింపబడిన మహిళలు 11 మంది. అందు ముగ్గురు 2021 ఆగస్టు 31వ తేదీన ఒక్కనాడే ప్రమాణము చేసిరి.

తెలుగునాట ఈ చరిత్రకు తన వంతు కలదు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు తొలి మహిళా న్యాయమూర్తిగా 1978లో జస్టిస్ కె. అమరేశ్వరి నియమింపబడెను. అంతకు పూర్వమే, రాజమహేంద్రవరమున జన్మించి మద్రాసులో న్యాయశాస్త్రము చదివిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1953లో చైనా పర్యటన నుండి తిరిగివచ్చిన పిదప, మనకు కుటుంబ న్యాయస్థానములు కావలెనని పెద్దల ఎదుట పట్టుబట్టెను. 1984లో ఆ చట్టము వచ్చెను. ఆ కోర్టుల న్యాయాధికారుల నియామకమున స్త్రీలకు ప్రాధాన్యమీయవలెనని ఆ చట్టముననే కలదు. అది మంచిదే. అయినను అన్నా చాందీ కథను చదివినవారికి ఒక హెచ్చరిక తోచకపోదు. స్త్రీ న్యాయమూర్తి కన్నీటి కేసులకు మాత్రమే తగునను భావము మన మనస్సులలో నాటుకొనరాదు. అన్నా చాందీ హత్యకేసులలో వాదించుటకు వెనుదీయని వకీలు; హద్దురాళ్ల తగవునకు, ప్రాణము పోవు నేరమునకు ఒకే త్రాసు పట్టుటకు ఆమె పీఠమెక్కెను.

చివరగ ఆమె బాల్యమునాటి ఆ వారసత్వ శాసనము మాట. అన్నా చాందీ న్యాయమూర్తియై, పదవి విరమించి, వృద్ధురాలైన పిదప గూడ దాని ప్రభావము తొలగలేదు. 1986లో మేరీ రాయ్ అను మహిళ తెచ్చిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పుతోనే ఆ నాలుగవ వంతు లెక్క అంతరించెను. కూతురి పాలు కొడుకు పాలుతో సమానమైన నాడు అన్నా చాందీ వయస్సు 80. పీఠముపై ఒక స్త్రీ కూర్చున్నంత మాత్రమున పీఠము క్రింద నిలిచిన స్త్రీలందరికిని న్యాయము జరుగదు. ఆ న్యాయమును అడుగువారు ఒకరు రావలెను. వినువారు ఒకరు ఉండవలెను.

శ్రోతలలో న్యాయశాస్త్రము చదువగోరు బాలికలు గల ఇండ్లు అనేకము ఉండును. ఆ ఇండ్లలో తల్లిదండ్రులు అన్నా చాందీ పేరు చెప్పునపుడు “మొదటి స్త్రీ” అని మాత్రమే చెప్పి ఊరకుండరాదు. ఆమె హక్కును అడిగెననియు, దాని బరువును గూడ అడిగెననియు, ఆ బరువును 30 సంవత్సరములు మోసెననియు చెప్పవలెను.