మాయా జాతివారి గిరులు, గుహలు

'మాయా' యను పేరు విన్నంతనే తెలుగువారికి పాండవులకు సభ నిర్మించి యిచ్చిన మయుడు స్ఫురించుట సహజము. కాని మధ్య అమెరికాలోని మాయా జాతికిని మన మయునికిని గల పోలిక శబ్దమాత్రమే. మెక్సికో ఆగ్నేయభాగమునను, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్ దేశములందును విలసిల్లిన యా జాతివారు ఇనుప పనిముట్లు గాని, బండ్లు గాని, బరువులు మోయు పశువులు గాని లేకయే మహోన్నతములైన రాతి ఆలయములను నిర్మించిరి.

వారి నిర్మాణములకు మూలభావము పర్వతము. కొండగుహలు పితృదేవతలకును వర్షదేవతలకును నిలయములని వారి విశ్వాసము. కావున అంతస్తులుగా లేచిన వేదిక కొండ. దాని శిఖరమందలి ఆలయద్వారము గుహాముఖము. కొన్నిచోట్ల ద్వారమునే కోరలు గల నోరుగా మలచిరి. వారు నిజమైన కమానును కట్టలేదు. ఇరుగోడల రాళ్లను వరుసవరుసకు కొంచెము లోనికి జరిపి, పైన పలకరాతితో మూసిరి. అందుచేత లోపలి గదులు ఇరుకుగా, చీకటిగా, గుహలవలెనే యుండును.

ఈ భావమునకు పాలెంకే నగరములోని శాసనాలయము చక్కని నిదర్శనము. 1949లో మెక్సికో పురాతత్త్వవేత్త అల్బెర్టో రూస్ ఆలయపు నేలలోని యొక బండకు రంధ్రము లుండుట గమనించి దానిని ఎత్తించెను. అడుగున రాళ్లతో పూడ్చిన మెట్లదారి కనబడెను. ఆ పూడిక తీసి క్రిందికి చేరునప్పటికి 1952 వచ్చెను. అచట బయల్పడినది పకల్ రాజు సమాధి. ఆతడు 615లో పండ్రెండేండ్ల ప్రాయమున రాజై, 683లో మరణించెను. శవపేటిక మూతపై అధోలోకపు కోరల నడుమ నున్న రాజును, అతనిపై నెదిగిన విశ్వవృక్షమును చెక్కిరి. సమాధినుండి మెట్లవెంబడి పైయాలయమువరకు సన్నని రాతిగొట్టము నమర్చిరి. మృతునకును బ్రతికియున్నవారికిని సంబంధము తెగకుండుటకే దానిని కట్టిరని పండితుల యభిప్రాయము.

యుకతాన్‌లోని చిచెన్ ఇట్సా పిరమిడు కాలమునకే కొండయైనది. నాలుగువైపుల 91 చొప్పున మెట్లు, పైవేదికతో కలిపి 365; సంవత్సరములోని దినము లన్ని. విషువద్దినముల సాయంకాలమున మెట్లప్రక్క గోడపై నీడలు పాకి, అడుగున నున్న రాతిపాము తలను కలియును.

1562లో మనీ పట్టణమున దియేగో దె లాందా యను స్పానిష్ మతగురువు మాయా గ్రంథములను తగులబెట్టించెను. నేటికి మిగిలినవి నాలుగే. గ్రంథములు పోయిన జాతికి శాసనములు చెక్కిన యీ కట్టడములే చరిత్రయైనవి. వీనిని ఈజిప్టువారో, మరియే దూరదేశీయులో కట్టిరని పలువురు ఊహించిరి. స్థానికుల పూర్వులే కట్టిరని 1841లో అమెరికన్ యాత్రికుడు జాన్ లాయిడ్ స్టీఫెన్స్ స్పష్టముగా వ్రాసెను. ఆ పూర్వుల భాషలను లక్షలకొలది జనులు నేటికిని మాటలాడుచున్నారు. పేరు కలిసినదని వారి కీర్తిని మన మయునికి కట్టబెట్టుట న్యాయము కాదు.