కాలు తీసినా ఆగని వ్యాధి: ఆస్టియోసార్కోమా చికిత్సా చరిత్ర

ఎముకలోనే పుట్టే క్యాన్సర్లు అరుదు. వాటిలో పిల్లలకూ యువకులకూ ఎక్కువగా వచ్చేది ఆస్టియోసార్కోమా. ఎముకను కట్టవలసిన కణాలే అదుపు తప్పి, గట్టిపడని పచ్చి ఎముక పదార్థాన్ని విచ్చలవిడిగా తయారుచేయడం దీని లక్షణం. పిల్లలు ఒక్కసారిగా పొడుగయ్యే ఈడులో, సాధారణంగా 10 నుంచి 20 ఏళ్ల మధ్య, మోకాలికి కాస్త పైనో కిందనో ఇది బయటపడుతుంది. ఎముకను పొడిగించే మృదులాస్థి పొరలైన వృద్ధి ఫలకాలు మోకాలి చుట్టూనే అత్యంత చురుకుగా పనిచేస్తాయి కనుక, ఈ వ్యాధికీ ఎదుగుదలకూ సంబంధం ఉందని వైద్యులు చాలాకాలంగా భావిస్తున్నారు. ఆటలో తగిలిన దెబ్బనో ఎదిగే వయసు నొప్పనో అనుకుని కాపడం పెట్టడం, మర్దనా చేయించడం, కట్టు కట్టించడం వంటివాటితో విలువైన వారాలు గడిచిపోవడం తెలుగునాట నేటికీ ఉన్నదే. రాత్రిపూట నిద్ర పట్టనివ్వని నొప్పి, తగ్గని వాపు కనిపించినప్పుడు ఒక్క ఎక్స్‌రే తీయిస్తే ఆ కాలహరణం చాలావరకు తప్పుతుంది.

ఈ వ్యాధికి 19వ శతాబ్ది ఆరంభంలో పేరు పెట్టినవాడు ఫ్రెంచి శస్త్రవైద్యుడు అలెక్సిస్ బోయే. 1879లో అమెరికా వైద్యుడు శామ్యూల్ గ్రాస్ పొడవాటి ఎముకల సార్కోమాలు 165 పరిశీలించి, వ్యాధి సోకిన కాలినో చేతినో వీలైనంత త్వరగా తొలగించడమే మార్గమని వాదించాడు. 1920 ప్రాంతంలో బోస్టన్ వైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్, ఏ ఒక్క వైద్యుడి అనుభవమూ చాలనంత అరుదైన ఈ జబ్బును అర్థం చేసుకోవాలంటే అందరి అనుభవమూ ఒకచోట చేరాలని గ్రహించి, ఎముక సార్కోమాల నమోదు పట్టికను ప్రారంభించాడు. దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లో జేమ్స్ యూయింగ్ మరో ఎముక క్యాన్సర్‌ను వేరుచేసి వర్ణించాడు. నేడు ఆయన పేరుతోనే పిలుస్తున్న ఆ వ్యాధి రేడియం కిరణాలకు కరిగిపోయేది; ఆస్టియోసార్కోమా మాత్రం వాటికి అంత సులభంగా లొంగేది కాదు.

అందుచేత శస్త్రచికిత్స ఒక్కటే మిగిలింది. తొడ పైభాగం దాకా కాలు తీసేసినా, నూటికి ఎనభై మందికి పైగా రోగుల్లో కొద్ది నెలలకే ఊపిరితిత్తుల్లో గడ్డలు తేలేవి. లండన్‌లో స్టాన్‌ఫర్డ్ కేడ్ ముందు గడ్డకు రేడియేషన్ ఇచ్చి, కొన్ని నెలలు ఆగి, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నవారికే కాలు తీసే పద్ధతిని అనుసరించాడు. ఇది వ్యాధిని జయించే ఉపాయం కాకపోయినా, ఎలాగూ బతకని బిడ్డకు కాలు కూడా లేకుండా చేయకూడదన్న దయ అందులో ఉంది. కేడ్ నిరీక్షణ పరోక్షంగా ఒక నిజాన్ని ఒప్పుకుంది: కంటికి కనిపించని కణాలు శస్త్రచికిత్సకు ముందే రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరిపోయి ఉంటాయి, వాటిని కత్తి అందుకోలేదు.

వాటిని అందుకున్న మందు చరిత్రలో ఒక తెలుగువాడి పేరు విడదీయరానిది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహిస్తుండగా, కణ విభజనకు అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్నీ, దాని పనిని అడ్డుకునే రసాయనాలనూ అక్కడ తయారుచేశారు. ఆ రసాయనాల్లో ఒకటైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగా అణచగలిగాడు. ఆ కుటుంబానిదే మెథోట్రెక్సేట్. సుబ్బారావు అదే ఏడు మరణించాడు. ఆ మందు ఎముక క్యాన్సర్ మీద గట్టిగా పనిచేసిందన్న సంగతి మరో పాతికేళ్లకు గానీ తేలలేదు. 1970ల తొలి సంవత్సరాల్లో బోస్టన్‌లో నార్మన్ జాఫీ మామూలుగా ప్రాణాంతకమయ్యే మోతాదులో మెథోట్రెక్సేట్‌ను సెలైన్‌తో నరంలోకి ఎక్కించి, సుమారు ఒక రోజు తరువాత విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇచ్చి ఆరోగ్యకరమైన కణాలను కాపాడే పద్ధతిని ఈ వ్యాధికి వాడాడు. అదే కాలంలో ఆడ్రియామైసిన్ అనే మరో మందు కూడా ఫలితం చూపింది.

తరువాతి ముందడుగు ఒక నిరీక్షణలోంచి పుట్టింది. న్యూయార్క్‌లో రాల్ఫ్ మార్కోవ్ కాలు తీయకుండా గడ్డ ఉన్న ఎముకను మాత్రమే తొలగించి లోహపు ఎముకను అమర్చేవాడు. ఒక్కొక్క రోగి కొలతకు దాన్ని తయారుచేయడానికి నెలలు పట్టేది. గడ్డను అంతకాలం ఊరికే వదలలేక జెరాల్డ్ రోజెన్ ఆ వ్యవధిలో కీమోథెరపీ మొదలుపెట్టాడు. తీసిన ఎముకను ఆండ్రూ హ్యూవోస్ పొడవునా రంపంతో కోసి, సున్నపు పదార్థం ఆమ్లంలో కరిగేదాకా ఉంచి, పలుచని పొరలుగా తీసి సూక్ష్మదర్శిని కింద చూసినప్పుడు, కొందరిలో గడ్డ దాదాపు పూర్తిగా చచ్చిపోయి కనిపించింది. నూటికి తొంభై వంతులకు పైగా కణాలు చనిపోయినవారు ఎక్కువకాలం బతుకుతున్నారని తేలడంతో, మందు పనిచేసిందో లేదో చెప్పే కొలమానంగా ఆ పరీక్ష స్థిరపడింది.

అయినా సందేహం తీరలేదు. మందులు లేకుండానే రోగుల ఆయుష్షు పెరుగుతోందని మేయో క్లినిక్ వైద్యులు లెక్కలు చూపడంతో, శస్త్రచికిత్స తరువాత కొందరికి కీమోథెరపీ ఇచ్చి, మరికొందరికి ఇవ్వకుండా పోల్చిచూసే పరీక్ష అవసరమైంది. కన్నబిడ్డకు మందు దక్కడం చీటీ పడినట్టు నిర్ణయమయ్యే ఆ పరీక్షకు ఒప్పుకున్న తల్లిదండ్రుల గుండెనిబ్బరం సామాన్యమైనది కాదు. అలా చేరినవారు 36 మందే. మైకేల్ లింక్ బృందం 1986లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండేళ్ల తరువాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు మందులు లేని వర్గంలో నూటికి 17, మందులు పొందిన వర్గంలో 66. ఆ తేడాతో వివాదం ముగిసింది.

విచారకరమైన విషయమేమంటే, ఆ అంకె అప్పటినుంచి పెద్దగా పెరగలేదు. ఐరోపా, అమెరికా దేశాలు కలిసి రెండు వేల మందికి పైగా రోగులతో జరిపిన యూరామాస్-1 అధ్యయనంలో, మొదటి మందులకు గడ్డ సరిగా స్పందించనివారికి మరిన్ని మందులు జోడించినా ఆయుష్షు పెరగలేదు, దుష్ఫలితాలు మాత్రం పెరిగాయి. అధిక మోతాదు మెథోట్రెక్సేట్ ఇవ్వాలంటే రక్తంలో దాని స్థాయిని తరచూ కొలవాలి, రోగి రోజుల తరబడి ఆసుపత్రిలోనే ఉండాలి. ఆ ఖర్చును దృష్టిలో ఉంచుకుని ముంబైలోని టాటా స్మారక ఆసుపత్రి ఆ మందు లేకుండానే డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్, ఐఫోస్ఫమైడ్‌లతో చికిత్సా విధానాన్ని రూపొందించుకుంది. డాక్సోరూబిసిన్ అంటే జాఫీ కాలంలో ఆడ్రియామైసిన్ పేరుతో వచ్చిన ఆ మందే.