పెళ్లి కోసం సరిహద్దు దాటడం: బ్రిటన్ ప్రవేశ నిబంధనల చరిత్ర (1962–2024)

పరిచయం

వలసల చరిత్ర చెప్పుకునేటప్పుడు కూలికి వెళ్లినవారు, వ్యాపారానికి వెళ్లినవారు, చదువుకు వెళ్లినవారు అని విభజించుకోవడం మనకు అలవాటు. పెళ్లి చేసుకోవడానికి వెళ్లినవారిని ఈ వరుసలో చేర్చాలని చాలామందికి తోచదు. అది రెండు కుటుంబాల వ్యవహారం, చరిత్రకు దానితో పనేమిటి అనిపిస్తుంది. కాని 1971 నాటి వలస చట్టం 1973 జనవరి 1న అమలులోకి వచ్చాక, పని వెతుక్కుంటూ బ్రిటన్ వెళ్లి స్థిరపడే దారి భారతీయులకు దాదాపు మూసుకుపోయింది. మిగిలిన ప్రధాన మార్గం కుటుంబ బంధమే. అందువల్ల ఆనాటి నుంచి వివాహం వలస విధానానికి కేంద్రమైంది.

ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఒక్కటే. ఒక వివాహం నిజమైనదా కాదా, దాని వెనుక ఉద్దేశం ఏమిటి అని తేల్చే అధికారం ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడు, ఆ ప్రభుత్వం ఏ కొలబద్దను వాడింది? నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. మొదట స్త్రీపురుష భేదం, తరువాత ఉద్దేశం, ఆ తరువాత ఆదాయం, ఇలా కొలబద్ద మారుతూ వచ్చింది. రుజువు చేసుకోవలసిన బరువు మాత్రం వధూవరుల నెత్తిమీదే ఉండిపోయింది.

భార్యకు ఒక నియమం, భర్తకు మరొకటి

1962 నాటి కామన్వెల్త్ వలసదారుల చట్టానికి ముందు భారత పౌరులకు బ్రిటన్ వెళ్లడానికి వీసా అవసరం లేదు. ఆ చట్టం పనికోసం వచ్చేవారికి అనుమతి పత్రాలు పెట్టింది. అయితే అక్కడ నివసిస్తున్న కామన్వెల్త్ పౌరుల భార్యలకు, 16 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశించే హక్కును మిగిల్చింది. ఇక్కడ మీరు గమనించవలసింది 'భార్యలకు' అన్న మాట. భర్తలకు చట్టంలో అటువంటి హక్కు లేదు. వారిని అధికారులు ఆచరణలో రానిచ్చేవారు, అంతే.

ఈ తేడాకు ఆధారం పాత ఊహ ఒకటి. స్త్రీ భర్త వెంట వెళ్తుంది, ఇంట్లో ఉంటుంది. పురుషుడు వస్తే ఉద్యోగం వెతుక్కుంటాడు. ఈ ఊహ మన పెద్దలకూ కొత్త కాదు, ఆంగ్లేయులకూ కొత్త కాదు. 1969 జనవరిలో హోం మంత్రి జేమ్స్ కాలహన్ ఆ ఊహను విధానంగా మార్చాడు. బ్రిటన్‌లో ఉన్న స్త్రీని పెళ్లాడటానికి కామన్వెల్త్ దేశాల నుంచి వచ్చే పురుషులకు, ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప, ప్రవేశం ఆగిపోయింది. అదే ఏడాది నుంచి భార్యాపిల్లలు కూడా బయలుదేరకముందే స్వదేశంలోని బ్రిటిష్ కార్యాలయంలో ప్రవేశ అనుమతి పత్రం తీసుకోవడం తప్పనిసరి అయింది. దరఖాస్తులు పేరుకుపోయాయి. ఇంటర్వ్యూ కోసం నెలలు, కొన్నిచోట్ల సంవత్సరాలు ఎదురుచూడవలసి వచ్చింది.

స్త్రీల ఉద్యమాల ఒత్తిడితో 1974లో మరో హోం మంత్రి రాయ్ జెంకిన్స్ పురుషుల మీది ఆంక్షను ఎత్తివేశాడు. మూడేళ్లు తిరగకుండానే, 1977లో, అనుమతి కోసం చేసుకునే ఉత్తుత్తి పెళ్లిళ్లను అరికట్టడం పేరుతో కొత్త నిబంధనలు వచ్చాయి.

1979 జనవరి: హీత్రూ విమానాశ్రయం

కాబోయే భార్యల విషయంలో నియమం వేరుగా ఉండేది. పెళ్లికి వచ్చే యువతి ముందస్తు అనుమతి పత్రం లేకపోయినా విమానాశ్రయంలో దిగి, అధికారిని ఒప్పించగలిగితే, మూడు నెలల్లోగా వివాహం చేసుకోవాలన్న షరతుతో లోపలికి వెళ్లవచ్చు. పెళ్లయిన భార్య మాత్రం స్వదేశంలో వరుసలో నిలబడాలి. దీనితో అధికారుల్లో ఒక అనుమానం స్థిరపడింది: ఇప్పటికే పెళ్లయినవారు వరుస తప్పించుకోవడానికి కాబోయే వధువులమని చెప్పుకుంటున్నారని.

1979 జనవరి 24న 35 సంవత్సరాల భారతీయ ఉపాధ్యాయిని ఒకరు హీత్రూలో దిగారు. లండన్‌లో నివసించే భారత సంతతి వ్యక్తిని వివాహం చేసుకోవడానికి వచ్చానని చెప్పారు. అధికారికి నమ్మకం కుదరలేదు. ఆమె 'నిజంగా పెళ్లికాని స్త్రీయేనా' అని తేల్చడానికి విమానాశ్రయ వైద్యుని చేత, పురుషుని చేత, శరీర పరీక్ష చేయించారు. ఆమె సమ్మతి పత్రం మీద సంతకం చేసిందని తరువాత అధికారులు సమర్థించుకున్నారు. కాదంటే తిరుగు విమానం ఎక్కిస్తారేమోనన్న భయంతో పెట్టిన సంతకాన్ని సమ్మతి అనవచ్చునా అన్నది మీరే ఆలోచించండి.

ఈ పరీక్షలో అంతర్లీనంగా రెండు అపోహలున్నాయి. వైద్యశాస్త్రం ప్రకారం అటువంటి పరీక్ష దేనినీ రుజువు చేయలేదు. ఇక రెండవది, పెళ్లికాని భారతీయ స్త్రీ తప్పకుండా కన్యగానే ఉంటుందన్న తీర్మానం. ముప్పై అయిదేళ్ల విద్యావంతురాలి జీవితాన్ని, ఆమె దేశపు స్త్రీలందరినీ ఒకే మూసలో పోసి, ఆ మూసకు సరిపోతేనే తలుపు తీస్తామన్నారు. నా దృష్టిలో ఈ రెండవదే ఎక్కువ లోతైనది, ఎందుకంటే తరువాతి నియమాల్లో అది రూపం మార్చుకుని మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

1979 ఫిబ్రవరి 1న గార్డియన్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. మొరార్జీ దేశాయి ప్రభుత్వం నిరసన తెలిపింది. బ్రిటన్‌లోని ఆసియా, ఆఫ్రికా సంతతి స్త్రీల సంఘాలు హీత్రూలో ప్రదర్శన జరిపాయి. హోం మంత్రి మెర్లిన్ రీస్ ఆ పరీక్షలను నిషేధించాడు. ఇది అరుదైన ఘటన అన్నట్లుగానే అప్పుడు ప్రభుత్వం మాట్లాడింది. మూడు దశాబ్దాల తరువాత ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న పరిశోధకులు మారినెల్లా మార్మో, ఇవాన్ స్మిత్ హోం శాఖ పాత దస్త్రాలు తెరిచి చూశారు. 1970ల చివరి భాగంలో భారత ఉపఖండంలోని బ్రిటిష్ కార్యాలయాల్లో ఇటువంటి పరీక్షలు కనీసం 80 జరిగినట్లు వారి పరిశోధన 2011లో వెల్లడించింది. వాటిలో ఎక్కువ భాగం న్యూఢిల్లీలోనివి. చరిత్ర విద్యార్థులకు ఇందులో ఒక మెలకువ ఉంది: ప్రభుత్వం శాసనసభలో చెప్పిన మాటను, అదే ప్రభుత్వం తన దస్త్రాల్లో రాసుకున్న మాటతో పక్కపక్కన పెట్టి చదవాలి.

ప్రధానోద్దేశ నియమం

1978 జనవరిలో మార్గరెట్ థాచర్ ఒక టెలివిజన్ ముఖాముఖిలో వలసల గురించి చేసిన వ్యాఖ్యలు రాజకీయ వాతావరణాన్ని మార్చాయి. మరుసటి ఏడాది మే ఎన్నికల్లో ఆమె పార్టీ గెలిచింది. భర్తలకు, కాబోయే భర్తలకు 1974లో ఇచ్చిన వెసులుబాటును తీసివేస్తామన్న వాగ్దానం వారి ఎన్నికల ప్రణాళికలోనే ఉంది. ఆ ప్రకారం 1980 మార్చి 1 నుంచి కొత్త నిబంధనలు అమలయ్యాయి. పురుషుడు రావాలంటే ఆ స్త్రీ తాను బ్రిటన్‌లో పుట్టి ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లో ఒకరైనా అక్కడ పుట్టి ఉండాలి. వధూవరులు ఒకరినొకరు ముందు కలుసుకుని ఉండాలి. అన్నింటికంటె ముఖ్యం, బ్రిటన్‌లో స్థిరపడటం ఆ వివాహానికి ప్రధానోద్దేశం కాకూడదు.

పుట్టుకకు సంబంధించిన షరతు 1983లో తొలగింది. స్త్రీ బ్రిటిష్ పౌరురాలైతే చాలు. కాని అదే సమయంలో రుజువు భారం అధికారి మీది నుంచి దరఖాస్తుదారుని మీదికి మారింది. చదివేటప్పుడు చిన్న మార్పుగా కనిపించే ఈ వాక్యమే ఈ చరిత్రలో అతి పెద్ద మార్పు అని నేననుకుంటాను. ఉన్నదాన్ని రుజువు చేయవచ్చు. మనసులో ఒక ఉద్దేశం లేదని ఎలా రుజువు చేస్తాం? పెళ్లి నిజమైనదేనని, ఇద్దరూ కలిసి కాపురం చేస్తారని అధికారి ఒప్పుకున్న తరువాత కూడా, ప్రధానోద్దేశం వేరని అనుమతి నిరాకరించవచ్చు. అలా నిరాకరించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

ఇంటర్వ్యూ ఎలా సాగేదో ఊహించడం మనకు కష్టం కాదు. మన పెళ్లిచూపుల్లో పెద్దలు అడిగే ప్రశ్నలే అక్కడ అధికారి అడిగేవాడు: ఏం చదివావు, ఏం సంపాదిస్తావు, ఈ సంబంధం ఎవరు తెచ్చారు, అమ్మాయిని ఎప్పుడు చూశావు. పెళ్లిచూపుల్లో మంచి జవాబు సంబంధాన్ని కుదురుస్తుంది. ఇక్కడ అదే జవాబు సంబంధాన్ని చెడగొట్టవచ్చు. అక్కడికి వెళ్లి ఉద్యోగం చేసి భార్యను పోషించుకుంటానంటే ఉద్యోగం కోసమే వెళ్తున్నాడని అర్థం. ఆ మాట ఎత్తకపోతే దాస్తున్నాడని అర్థం.

ఇక్కడ ఆచారం అన్న మాట ప్రవేశించింది. ఉపఖండపు సంప్రదాయంలో వధువు వరుని ఇంటికి వెళ్తుంది కదా, మరి ఈ వరుడు వధువు దేశానికి ఎందుకు వస్తున్నాడు, ఆచారానికి విరుద్ధంగా వస్తున్నాడంటే అసలు ఉద్దేశం వలసే అన్నది తర్కం. ఈ పాఠాన్ని సంపర్క తరగతుల్లో చెప్పినప్పుడు వెనుక బల్లలో కూర్చున్న ఒక విద్యార్థి లేచి, "మరి మా ఊళ్లో ఇల్లరికం వెళ్లినవాళ్ల సంగతేమిటి సార్?" అని అడిగాడు. తరగతి నవ్వింది కాని ప్రశ్న సరైనదే. మగపిల్లలు లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకోవడం తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిన ఏర్పాటు. ఆచారం ప్రాంతాన్ని బట్టి, ఆస్తిని బట్టి, అవసరాన్ని బట్టి మారుతుంది. అధికారి పుస్తకంలో మాత్రం అది ఒక్కటే, కదలనిది. ఇంకో విడ్డూరం చూడండి. భర్త వెంట భార్య వెళ్లాలన్న ఆచారాన్ని వెనుకబాటుతనమని విమర్శించే సమాజమే, ఆ ఆచారాన్ని పాటించలేదని వరుణ్ణి అనుమానించింది.

నియమంలో ఏ దేశం పేరూ, ఏ జాతి పేరూ లేదు. దెబ్బ తగిలింది మాత్రం ప్రధానంగా భారతదేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌ల నుంచి వెళ్లదలచిన వరులకు, వారికోసం అక్కడ ఎదురుచూస్తున్న బ్రిటిష్ పౌరురాళ్లకు. నిరాకరణ తరువాత కూడా జంట విడిపోకుండా ఉత్తరాలు రాసుకోవడం, భార్య సెలవుల్లో వచ్చి కలవడం, పిల్లలు పుట్టడం వంటివి అప్పీళ్లలో సాక్ష్యాలయ్యాయి. ఆ రోజుల్లో భద్రపరచుకున్న ఉత్తరాల కట్టలు ప్రేమకు గుర్తులే, వ్యాజ్యానికి దాఖలాలు కూడా.

ఇక్కడ కాస్త ఆగి, మీ నోటు పుస్తకంలో జవాబు రాసుకోండి: మీకు తెలిసిన ఒక వివాహాన్ని తీసుకుని, దానికి 'ప్రధానోద్దేశం' ఏమిటో ఒకే వాక్యంలో చెప్పగలరా?

స్ట్రాస్‌బర్గ్ తీర్పు, దాని ఫలితం

బ్రిటన్‌లో చట్టబద్ధంగా స్థిరపడిన ముగ్గురు స్త్రీలు తమ భర్తలను రానివ్వలేదని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వారి పేర్లతోనే అది అబ్దులజీజ్, కబాలెస్, బల్కందాలి కేసుగా ప్రసిద్ధమైంది. పురుషులు ఉద్యోగాలకు పోటీ పడతారు, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న కాలంలో స్వదేశీ కార్మికులను కాపాడుకోవాలి అని ప్రభుత్వం వాదించింది. 1985 మే 28న ఇచ్చిన తీర్పులో న్యాయస్థానం ఈ వాదన చాలదన్నది. భార్యలకు ఒక నియమం, భర్తలకు మరొకటి పెట్టడం లింగ వివక్ష అని తేల్చింది. జాతి వివక్ష అన్న ఆరోపణను మాత్రం అంగీకరించలేదు.

గెలుపు స్త్రీలదే. ఫలితం ఏమైంది? వివక్ష పోవాలంటే రెండు దారులున్నాయి: భార్యలకున్న సౌలభ్యాన్ని భర్తలకూ ఇవ్వడం, లేదా భర్తలకున్న అడ్డంకులను భార్యలకూ పెట్టడం. ప్రభుత్వం రెండో దారి పట్టింది. అదే ఏడాది ఆగస్టులో నిబంధనలు సవరించి ప్రధానోద్దేశ పరీక్షను భార్యలకు, కాబోయే భార్యలకు కూడా వర్తింపజేసింది. 1973కు ముందే స్థిరపడిన కామన్వెల్త్ పురుషులు భార్యలను తెచ్చుకోవడానికి చట్టంలో మిగిలిన హక్కు కూడా 1988 వలస చట్టంతో పోయింది. సమానత్వం అన్న మాట విన్నప్పుడు అది ఎవరిని ఏ మెట్టు మీద సమానం చేసిందో అడగాలని నేను విద్యార్థులకు చెప్పేది ఈ ఉదాహరణ చూపించే.

ఉద్దేశం నుంచి ఆదాయానికి

1997 మేలో లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చింది. జూన్ 5న హోం మంత్రి జాక్ స్ట్రా ప్రధానోద్దేశ నియమాన్ని రద్దు చేశాడు. అంతకుముందు నిరాకరణకు గురైన జంటలు మళ్లీ దరఖాస్తు చేసుకున్నాయి.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. 2008లో వధూవరులిద్దరికీ కనీస వయసును 18 నుంచి 21కి పెంచారు. బలవంతపు పెళ్లిళ్లను ఆపడం దీనికి చెప్పిన కారణం. ఇష్టపడి చేసుకున్నవారినీ ఇది శిక్షిస్తోందని బ్రిటన్ సుప్రీంకోర్టు 2011లో తప్పుపట్టింది. 2010 నవంబరు నుంచి రాకముందే ఆంగ్ల పరీక్ష ప్యాసవ్వాలి. 2012 జూలై 9 నుంచి బ్రిటన్‌లో ఉన్న భాగస్వామికి ఏడాదికి కనీసం 18,600 పౌండ్ల ఆదాయం ఉండాలన్న షరతు వచ్చింది. దీనిపై 2017లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, ఆదాయ పరిమితి పెట్టడం చట్టవిరుద్ధం కాదంది. అయితే పిల్లల శ్రేయస్సును నిబంధనలు సరిగా పట్టించుకోలేదని ఆక్షేపించింది. 2024 ఏప్రిల్ 11న ఆ మొత్తం 29,000 పౌండ్లయింది.

అంకె అధికారి ఊహకంటె మేలని కొందరి వాదన. అందులో కొంత నిజముంది. జీతం చీటీ చూపితే మనసులో ఏముందో ఎవరూ తవ్వరు. కాని స్త్రీల సగటు సంపాదన పురుషుల కంటె తక్కువగా ఉన్న సమాజంలో, భర్తను రప్పించుకోదలచిన స్త్రీకి ఈ అంకె ఎక్కువ ఎత్తులో కనిపిస్తుంది. 1969లో పేరుపెట్టి మరీ ఉన్న తేడా ఇప్పుడు పేరు లేకుండా ఉంది.

ఈ మార్పుల నీడ మన ప్రాంతం మీద కూడా పడింది. ఒకప్పుడు మన పెళ్లికి సాక్ష్యం పందిట్లో కూర్చున్న నలుగురు పెద్దలు. ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం 2002లో వచ్చింది. చట్టం చెప్పింది కదా అని నమోదు చేయించుకున్నవారికంటె, వీసాకు కాగితం కావాలని రిజిస్ట్రారు కార్యాలయానికి పరుగెత్తినవారే నాకు ఎక్కువగా తెలుసు. శుభలేఖ, తలంబ్రాల ఫొటోలు, ఇద్దరి మధ్య నడిచిన ఫోను సంభాషణల జాబితా, ఇవన్నీ ఇప్పుడు ఒకే దస్త్రంలో చేరతాయి.

పెళ్లికి ముందే వెళ్లదలచినవారికి నేడున్న ఏర్పాటు ఇది. కాబోయే భార్యగానో భర్తగానో తీసుకునే వీసా ఆరు నెలలది. ఆలోగా పెళ్లి జరగాలి. ఆ ఆరు నెలలూ ఉద్యోగం చేయకూడదు. పెళ్లి తరువాత భార్యాభర్తల హోదాలో మళ్లీ దరఖాస్తు, మళ్లీ రుసుము. శాశ్వత నివాసానికి అర్హత రావాలంటే అక్కడి నుంచి మామూలుగా అయిదేళ్లు గడవాలి, మధ్యలో ఒకసారి ఆదాయాన్ని, కాపురాన్ని మరల రుజువు చేసుకోవాలి.