అతిథి నక్షత్రము



ఆకాశము మార్పు లేనిదని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిలు బోధించెను. యూరపుఖండమునందలి పండితులు ఆ మాటను చిరకాలము ప్రమాణముగాఁ గైకొనిరి. కాని యాకాశము వారి మాట వినలేదు.

1054వ సంవత్సరము జూలై 4వ తేదీని వృషభరాశిలో నొక క్రొత్త చుక్క పొడసూపెను. ఆనాఁడు మన వేంగీదేశమును రాజరాజనరేంద్రుఁ డేలుచుండెను. చీనాదేశపు ఆస్థాన జ్యోతిష్కులు దానికి అతిథి నక్షత్రమని పేరిడి, అది 23 దినములు పట్టపగలే కానవచ్చెననియు, రాత్రులందు 1056 ఏప్రిలు వఱకు నిలిచెననియు వ్రాసియుంచిరి. 1731లో జాన్ బెవిస్ అను నాంగ్లేయుఁడు దూరదర్శినితో నా తావుననే మబ్బువంటి దొకటి గాంచెను. దానికి ఎండ్రకాయ నీహారికయని పేరు. కర్కాటకరాశితో దీనికి సంబంధము లేదు. ఆ మబ్బు నానాఁటికి వ్యాపించుచున్నది. ఆ వేగమును వెనుకకు లెక్కించి, యిది సుమారు 900 ఏండ్లనాఁటి దనియు, చీనావారి యతిథి యిదియే యనియు 1928లో హబుల్ పండితుఁడు సూచించెను.

వారు చూచినది నక్షత్ర జననము కాదు, మరణము. సూర్యునికంటె నెనిమిది రెట్లు మించిన బరువుగల నక్షత్రము తన గర్భమున ఉదజనిని హీలియముగను, పిదపఁ గర్బనము, ఆమ్లజని, సిలికనులుగను, తుదకు ఇనుముగను మార్చుకొనును. ఇనుమునుండి శక్తి పుట్టదు. అంతట గర్భము కూలి, పైపొరలు ప్రేలి చిమ్మఁబడును. ఆ వాయువు చల్లాఱునపుడు, దీపముపై బోర్లించిన మూఁకుటికిఁ గాటుక పట్టినట్లు, కర్బనము, సిలికను మొదలగునవి సూక్ష్మరేణువులుగఁ బేరుకొనును. ఇదియే విశ్వధూళి. సూర్యునివంటి చిన్న నక్షత్రములు ప్రేలవు. ముదిమియం దుబ్బి, యెఱ్ఱవాఱి, మెల్లమెల్లగా ధూళిని విడుచును.

దీనికి నిదర్శనము గలదు. 1987 ఫిబ్రవరిలోఁ బెద్ద మెగెల్లాను మేఘమున నొక నక్షత్రము ప్రేలెను. అందు సూర్యుని బరువులో రమారమి సగము ధూళి గలదని హెర్షెల్ వ్యోమదూరదర్శినివలన 2011లోఁ దెలియవచ్చెను. ప్రేలుడు తాఁకిడికిఁ గొంత ధూళి నశించును. మిగిలినది మేఘములఁ గలసి, క్రొత్త నక్షత్రములకును భూములకును ముడిసరుకగును. మన నాఁగటి కఱ్ఱులోని యినుమును, మన నెత్తుటిలోని యినుమును అట్లు గతించిన నక్షత్రముల సొత్తే.

చీనా జ్యోతిష్కు లీ కారణము నెఱుఁగరు. అయినను చూచినది చూచినట్లు తేదీతో వ్రాసిరి. తొమ్మిదివందల యేండ్లకు అది పనికివచ్చెను. మన గ్రామములందును కఱవులు, వఱదలు, తోఁకచుక్కలు మాటలలో మిగిలి, మాటలతోనే పోవుచున్నవి. మీ యెఱుకలోనివానిని తేదీతో నొక పుస్తకమున వ్రాయింపుఁడు. దాని విలువ మనుమలకుఁ దెలియును.